చీపురుపల్లి స్టేషన్లో ఎడమ మూల మనిషి

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూనే మా అత్తగారు నా ఫోను వైపు వేలు చూపించి, "బాబూ, పాత సినిమాలన్నీ ఇందులో వస్తన్నాయంట కదా. మీ మావ సినిమా ఉన్నాదేటో సూడు" అన్నారు. మళ్లీ మొదలా అనుకున్నాను. ఆ ఒక్క సినిమాని నేను సీడీగా కొన్నాను, డీవీడీగా కొన్నాను, బ్లూరేగా కొన్నాను. ఒక్కసారైనా నా ఇష్టంతో కొన్న పాపాన పోలేదు. మావయ్య పోయాక ఆ బెడద పూర్తిగా తీరిందనుకుని రెండేళ్లుగా నిశ్చింతగా ఉన్నాను.

మావ సినిమా అంటే మావయ్య తీసిందీ కాదు, వేషం కట్టిందీ కాదు. ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో కొత్తగా చేరిన రోజుల్లో చీపురుపల్లి స్టేషన్లో షూటింగ్ జరిగిందట. విలన్ రైలు దిగి సిగరెట్టు వెలిగిస్తాడు, వెనక జనం నిలబడి చూస్తుంటారు. ఆ జనంలో, తెరకి ఎడమవైపు కింది మూల, తలకి తుండుగుడ్డ చుట్టుకున్న మనిషి మా మావయ్య. పెళ్లైన కొత్తలో నన్ను కూర్చోబెట్టి వీడియో క్యాసెట్టు వేశారు. ఆ మూల ఒక తెల్లటి మరక కదిలింది. "నానే!" అన్నారు. కొత్తల్లుణ్ణి కదా, "అచ్చం మీరే మావయ్యా" అన్నాను. ఆ మాటే నా మెడకి చుట్టుకుంది.

క్యాసెట్టుకి బూజు పట్టింది. సీడీ కొన్నాను, దాన్ని ఆడించే పెట్టె కొన్నాను. అందులో మావయ్య మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది. "డీవీడీలో కిలీర్‌గా వస్తాదంట బాబూ" అన్నారు. ఆ పెట్టె డీవీడీ తీసుకోదు, అంచేత ఇంకో పెట్టె. ఈసారి చొక్కా తెలిసింది, చెవులు తెలిశాయి, మొహం తెలియలేదు. ఇంతలో గోడకి అతుక్కునే టీవీలొచ్చాయి, డీవీడీ బొమ్మ వాటి మీద సాగదీసిన పిండిలా కనపడింది. ఇప్పుడు బ్లూరే అట. మా ఇంట్లో ఇడ్లీ రేకులు మా అమ్మ కొన్నవి. కొత్త రకం రేకులు వచ్చాయని పాతవాటిలో ఇడ్లీ ఉడకడం మానేయలేదు కదా! కొన్న సినిమాని మళ్లీ మళ్లీ కొనడమేమిటని ఇంట్లో ఎగిరాను. "నాన్నకున్న సరదా అదొక్కటే" అంది మా ఆవిడ. ఇక బ్లూరేనీ, దాన్ని ఆడించే పెట్టెనీ కొన్నాను.

మావయ్య సంగతి ఇంకొకటి చెప్పాలి. ఆయన బాప్టిస్టు చర్చిలో సంఘ పెద్ద. పొగాకు మీద ఆయన ప్రసంగం వినని పిల్లలు ఆ పేటలో లేరు. చుట్ట వాసన వచ్చిన మనిషిని రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు. అంతటి మనిషి, బ్లూరే వచ్చిన ఆదివారం మధ్యాహ్నం పాస్టరు గారినీ సంఘంలో మరికొందరినీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. అత్తగారు ఉల్లి పకోడీలు వేశారు. రైలొచ్చింది. ప్లాట్‌ఫారం మీది చీపురు గీతలు కూడా కనపడుతున్నాయి. ఎడమ మూలన సందేహం లేకుండా మా మావయ్యే, నవయవ్వనంలో, గుండీలతో సహా. నోట్లో చుట్ట ముక్కతో సహా.

మా వైపు అడ్డపొగ అంటారు. చుట్ట నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. నిప్పు బయటికి కనపడదు కాబట్టి ఇన్నేళ్లూ ఏ పెట్టెకీ దొరకలేదు. మధ్యలో విలన్ అగ్గిపుల్ల గీశాడు, మూలన మా సంఘ పెద్ద ఇంత పొగ వదిలారు. పాస్టరు గారి చేతిలో పకోడీ నోటి దాకా వెళ్లి ఆగింది. "అది చుట్టేనంటారా?" అన్నారు మెల్లగా. నా చేతిలోని రిమోట్‌లో ఆపే మీట ఎక్కడుందో నాకు తోచలేదు. అవునంటే పెద్దరికం పోతుంది, కాదంటే ఇన్నేళ్ల సినిమా పోతుంది. మావయ్య నా వైపు చూశారు.

"ఆడు నాను కాదు" అన్నారు.

"అదే అనుకున్నా, మీ పోలికే లేదు" అని పాస్టరు గారు పకోడీ తినేశారు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు "మరి ఆ సొక్కా..." అని మొదలుపెట్టి మింగేశారు. ఆ తర్వాత మావయ్య ఆ సినిమా ఊసెత్తలేదు. యేసుని ఎరగనని బొంకిన పేతురు మీద ప్రసంగం ఉన్న ఆదివారాల్లో తలొంచుకుని కూర్చునేవారు. ఇక ఏదీ కొనక్కర్లేదని నేను సంతోషించాలి, కానీ ఆయన్ని చూస్తే జాలేసేది. బ్లూరే పెట్టె పాడైపోయింది. సినిమా ఉన్న పళ్లెం పిట్టల్ని బెదిరించడానికి జామచెట్టుకి వేలాడింది.

"ఇప్పుడెందుకత్తా ఆ సినిమా?" అన్నాను.

"నాను మనువాడింది ఆ సుట్ట కాల్సే మనిసినే బాబూ. పెద్దరికం వొచ్చినాక ఆ మనిసి మరి అగుపళ్లేదు. ఒక్కసారి సూపెట్టు."

ఫోన్లో వెతికితే దొరికింది. ఈసారి ఫోర్‌కే అట. టీవీకి కలిపాను. ఇంజను మీద మసి చేతికి అంటుకుంటుందేమో అన్నంత తేటగా ఉంది. విలన్ దిగాడు, అగ్గిపుల్ల గీశాడు. సరిగ్గా అప్పుడే ఎడమ మూలన తెల్లటి అక్షరాలు పడ్డాయి: పొగతాగడం ఆరోగ్యానికి హానికరం. మావయ్య మొహం మొత్తం ఆ అక్షరాల కింద ఉండిపోయింది. పైన తుండుగుడ్డ ఒక్కటే కనపడుతోంది. అత్తగారు లేచి వెళ్లి టీవీని పైటకొంగుతో తుడిచారు.

"ఈ అచ్చరాలు తీసెయ్యలేవా?"

"తియ్యలేమత్తా."

"మరి ఏది కొంటే అగుపడతాడు బాబూ?"

నేను పెరట్లోకి వెళ్లి జామచెట్టు నుంచి, ఈ అక్షరాలు పడని ఆ బ్లూరే పళ్లెం విప్పి తెచ్చి, పిట్టల రెట్ట కడిగాను. దాన్ని ఆడించే పెట్టె కోసం ఇప్పుడు విజయనగరంలో షాపు షాపూ తిరుగుతున్నాను. అలాంటివి రావడం మానేశాయని నవ్వుతున్నారు. బొమ్మ తేటపడటానికి పట్టే కాలంలోనే అందులోని మనిషీ వెళ్లిపోతాడని, చూడాలనుకున్న మనిషి కళ్లు కూడా మసకబారతాయని ఈ కొత్త రకాలు కనిపెట్టేవాళ్లకి ఎవరైనా చెబితే బాగుండు.