మామ మంచం పట్టె

పోయిన మంగళవారం తెల్లవారుతుండగా మా మామ, అంటే మా ఆయన వాళ్ల నాయన, కన్నుమూశాడు. ముందురోజు సాయంత్రం దాకా వాకిట్లో కూర్చుని ఉలి నూరుకున్నాడు. ఊరివాళ్లు ఆయన చెక్క బాడీలు కట్టిన లారీల గురించి చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం ఎనిమిది చెక్కముక్కలే గుర్తుకొస్తున్నాయి.

మీరూ ఎప్పుడో లారీ ఎక్కే ఉంటారు. కింద ఏముందో చూసి ఉండరు. చెక్క బాడీని చాసీ మీద, అంటే కింది ఇనుప చట్రం మీద, ఊరికే పెట్టకూడదు. రెంటి మధ్యలో రెండు పొడవాటి టేకు దూలాలు పరిచి, వాటిని చాసీతో కలిపి వంపు బోల్టులతో బిగించాలి. చాసీకి మామ రంధ్రం వేయనిచ్చేవాడు కాదు.

"ఎన్నుపూసకు బొక్క పెడ్తరా ఎవలన్న?" అనేవాడు.

చాసీ ఇనుము ఒక పక్క డొల్లగా ఉంటుంది. బోల్టు బిగిస్తే అంచులు నలుగుతాయి. అందుకే బోల్టు పడే ప్రతిచోటా ఆ డొల్లలో సరిగ్గా పట్టేలా ఒక ముక్క చెక్కి దూర్చేవాడు.

అప్పటికి నేను కాపురానికొచ్చి ఆరు నెలలు. రజాకార్ల భయంతో మంచాల ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లను, పిల్లలను నిజాం సరిహద్దు దాటించడానికి ఒక లారీ తయారవుతోంది. పొద్దు గూకకముందే కదలాలి. ఆ ఉదయం కట్టెలు చాలక, అరుగు మీది ఎనిమిది ముక్కలు పనికిరానివనుకుని పొయ్యిలో పెట్టాను. రొట్టెలయ్యాక చూస్తే మామ వాటికోసమే వెతుకుతున్నాడు.

మా ఇళ్లలో కోడలు మామ ఎదుట నోరు విప్పదు. తలుపు చాటు నుంచి నీళ్ల చెంబు పెట్టి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు బయటికొచ్చి నిలబడ్డాను.

"మామా, అవి నేను కాల్చిన."

మా ఆయన తల పట్టుకున్నాడు. "టేకు మంట మీద రొట్టెలా? దొరల గడీల గూడ గట్ల చేయరు."

"ముక్కలు లేకుంటేంది పెద్దయ్యా, గట్లనే బిగియ్యి. ఆడ జనం ఎదురు చూస్తున్నరు," అన్నాడు డ్రైవరు.

"తొవ్వల బోల్టు వదులై బాడీ ఒరిగితే, గా పిల్లలను నువ్ పట్టుకుంటవా?" అన్నాడు మామ.

డ్రైవరు ఒక వేపకొమ్మ తెచ్చాడు. పచ్చి చెక్క ఎండితే కుంచించుకుపోతుందని మామ దాన్ని పక్కన పెట్టాడు. ఇంట్లోకి పోయి, తన మంచం నులక విప్పి, పక్కనున్న పొడవాటి టేకు పట్టె ఒకటి ఊడదీసుకొచ్చాడు. అది వాళ్ల నాయన చేసిన మంచం.

నా వైపు చూడకుండానే, "చెప్పి మంచిపని చేసినవ్ బిడ్డా. లేకుంటే పొద్దంత దేవులాడుదును. జర గీ కొస పట్టు," అన్నాడు.

నేను పట్టుకున్నాను. ఆయన కోశాడు. ఎండ ఉండగానే లారీ కదిలింది.

పోలీసు యాక్షన్ అయ్యాక జనం అదే లారీలో తిరిగొచ్చారు. మామ కిందికి దూరి, ఒక్కో బోల్టునూ పానాతో తట్టి, చెవిపెట్టి విన్నాడు. ఒక్కటీ వదులు కాలేదు. ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

మంచానికి ఆ వేపకొమ్మనే పట్టెగా వేసుకున్నాడు. అది ఎండి వంగింది. మార్చుకోమంటే, "నా పట్టె ఊర్లు తిరుగుతున్నది, రానియ్," అనేవాడు.

ఆయనను కాటికి తీసుకెళ్లాక మంచాన్ని లోపలికి తెచ్చి, నులక బిగించబోయాను. వేపపట్టె వైపు ఆయన వీపు పడిన గుంట ఇంకా ఉంది. నులక మీంచి చెయ్యి తీసేశాను.