ఇరవై ఒక్క కంచు బిళ్ళలు

నాకు కోపం ఎక్కువ. మా వీధిలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు, అందరికంటే ముందు మా ఆయన చెబుతారు. అయితే ఆ కోపం పుణ్యమా అని ఒక మంచి పని జరిగింది కాబట్టి, దాన్ని దాచుకోవలసిన అవసరం నాకేమీ లేదు.

బందరులో మాది రోల్డ్ గోల్డ్ పని చేసే ఇల్లు. రాగి రేకును అచ్చు మీద పెట్టి కొట్టి, ఆ బిళ్ళలకు బంగారు పూత వేసి గొలుసులూ లోలకులూ చేస్తాం. ఉక్కు దిమ్మలో బొమ్మను తిరగేసి, లోతుగా చెక్కితే అది అచ్చు. అచ్చు బాగుంటేనే నగ బాగుంటుంది. అందుకే మా పనిలో అచ్చు చెక్కేవాడికి పెద్ద మర్యాద. చెక్కేవాడు అన్నాను, చూశారా! ఆడవాళ్ళు అతకొచ్చు, గుచ్చొచ్చు, మెరుగు పెట్టొచ్చు. చెక్కడం మాత్రం మగవాళ్ళ పని. ఈ రూలు ఎవడు పెట్టాడో దొరికితే అడుగుదామని చాలాకాలంగా చూస్తున్నాను.

నేను కృత్తివెన్నులో రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగినదాన్ని. కోడలిగా వచ్చేనాటికి ఉలి ఎలా పట్టుకోవాలో కూడా తెలీదు. మా మావయ్య నేర్పారు. కొడుక్కి పూత పని మీద ఉన్న ఓపిక చెక్కడం మీద లేదని ఆయనకు తెలుసు. ఒకరోజు నేను వాకిట్లో ముగ్గు పెడుతుంటే కాసేపు నిలబడి చూశారు. "చెయ్యి తొణకటం లేదమ్మాయ్. రా, ఇలా కూర్చో" అని తన పీట మీద కూర్చోబెట్టారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ప్రతి అచ్చూ నేనే చెక్కాను. పేరు మాత్రం మా ఆయనది.

దానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. గుమ్మం దగ్గర ఎవరైనా "ఉన్నారా అండీ?" అనగానే, లోపల్నుంచి అత్తయ్య "లే, లే, ఎవరో వచ్చారు" అనేవారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాలి, మా ఆయన వచ్చి పీట మీద కూర్చోవాలి. ఆడది చెక్కుతోందని తెలిస్తే షాపులవాళ్ళు ఆర్డర్లు మానేస్తారని ఆవిడ భయం. ఆ భయం ఉత్తదేం కాదు, మా వీధి సంగతి నాకూ తెలుసు. అయినా లేచిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోయేది. రోజుకు నాలుగైదుసార్లు మండేది. ఇక కోపం ఎక్కువ కాక ఏమవుతుంది?

పోయిన డిసెంబరులో గుడివాడ నుంచి ఒక రిటైర్డ్ సుబేదారుగారు వచ్చారు. తెల్ల మీసం, చేతిలో ఫైలు, వెన్ను కర్రలా నిటారు. యథాప్రకారం అత్తయ్య "లే, లే" అన్నారు, నేను లేచాను. వంటింటి గుమ్మం పక్కన నిలబడితే అన్నీ వినబడతాయి. దివిసీమలో తాను చదువుకున్న బడిలో ఒక గోడను పరమవీరచక్రకు కేటాయించారట. దేశం మొత్తం మీద అది ఇరవై ఒక్కరికే వచ్చింది. ఇరవై ఒక్క ఫోటోలూ ఫ్రేము కట్టించారు. ఒక్కో ఫోటో కింద ఒక్కో పతకం నమూనా, అచ్చం అసలు సైజులో ఉండాలి. జనవరి ఇరవయ్యారున గోడను పిల్లలకు చూపించాలి.

"ఎక్కడో ఒకచోట చేయించానండీ ముందు. వజ్రాయుధాలు చేయమంటే ముళ్ళకంపలు చేసి పెట్టారు" అన్నారాయన.

తరువాత ఆ పతకం కథంతా చెప్పారు. తెల్లవాళ్ళ రోజుల్లో మన సిపాయి ఎంత గొప్పగా పోరాడినా, రాణిగారి పేరున్న శిలువ పతకమే ఇచ్చేవారు. స్వాతంత్ర్యం వచ్చాక మన పతకం మనకుండాలని అనుకున్నారు. మొదటి గణతంత్ర దినోత్సవం నాడు ప్రకటించినా, లెక్క మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన రోజు నుంచే వేశారు. ఎందుకంటే ఈ లోపలే కాశ్మీరులో యుద్ధం జరిగిపోయింది, ప్రాణాలు పోయాయి. మొదటి పతకం అక్కడ చనిపోయిన ఒక మేజరుకే. మధ్యలో మూడు సింహాల ముద్ర, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. లోకం కోసం ఒక ముని తన ఎముకలే ఇచ్చేస్తే వాటితో ఇంద్రుడు చేయించుకున్న ఆయుధం అది. పైన ఊదా రంగు రిబ్బను, దాని మీద ఒక్క గీత కూడా ఉండదు.

"ఇరవై ఒక్కరిలో పద్నాలుగుమంది దాన్ని చూసుకోలేదండీ. ఇంటివాళ్ళు వచ్చి తీసుకున్నారు" అన్నారు.

ఇంటివాళ్ళంటే ఎవరు? ఏ భార్యో, ఏ తల్లో. కొంగుతో మొహం తుడుచుకున్నాను. అవతల మా ఆయన మాత్రం హుషారుగా "నేను చెక్కుతానుగా, మీరు నిశ్చింతగా ఉండండి" అంటున్నారు. వెళ్తూ వెళ్తూ సుబేదారుగారు "కంచుతో చేయాలండోయ్, మరిచిపోకండి" అన్నారు. మా ఆయన "అలాగేనండీ" అన్నారు.

పదకొండు రోజులు పట్టింది నాకు. అసలు పతకం రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది, అంతే. అందులో సింహాలు, సింహాల కింద అక్షరాలు, అవన్నీ తిరగేసి చెక్కాలి. అద్దం పక్కన పెట్టుకుని చెక్కాను. రెండో వజ్రం దగ్గర ఉలి జారి బొటనవేలి మొదట్లో దిగింది. పసుపు అద్ది, గుడ్డ కట్టి మళ్ళీ కూర్చున్నాను. అత్తయ్య ఒకసారి వచ్చి తొంగి చూసి "కళ్ళు పోతాయే తల్లీ" అన్నారు. పోలేదు. నాలుగో వజ్రం కొన తేలినప్పుడు, నాకు నేనే సాటి అనిపించింది. అబద్ధమెందుకు, అనిపించింది.

ఇక మేం చేసిన ఘనకార్యం వినండి. మా దగ్గరికొచ్చేవాళ్ళు రాగితో చేయండి, ఇత్తడితో చేయండి అని చెబుతుంటారు. అది లోపలి లోహం సంగతి. పైన బంగారు పూత అనేది ఎవరూ వేరే చెప్పరు, అన్నంలో ఉప్పు వేయమని చెప్పనట్టే. కాబట్టి కంచు అంటే లోపల కంచు కావాలంటున్నారనుకున్నాం. చేతిలో కంచు రేకు లేదు. పూత పడ్డాక లోపల ఏముంటే ఎవరికి తెలుస్తుందని మా ఆయన రాగి రేకు కొట్టారు. నేను కాదనలేదు. ఇరవై ఒక్క బిళ్ళలకూ మూడేసిసార్లు పూత వేశారు. అవి బల్ల మీద ధగధగలాడుతుంటే నాకూ కళ్ళు చెదిరాయి. దేశంలోకెల్లా పెద్ద పతకం అలా ఉండక ఇంకెలా ఉంటుందనుకున్నాను.

సుబేదారుగారు వచ్చారు. నేను లేచాను. మా ఆయన పెట్టె మూత తీసి "చూడండి, పదేళ్ళయినా నల్లబడదు!" అన్నారు.

"ఇదేంటండీ?" అన్నారు సుబేదారుగారు. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. "కంచన్నాను కదండీ. కంచంటే కంచే. పైన ఏమీ ఉండదు. ఇదేమన్నా ఒంటికి అలంకరించుకునే నగా?"

"పూత తీసేయమంటారా?"

"తీస్తే లోపలేముంది?"

మా ఆయన నేల చూస్తూ "రాగండీ" అన్నారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చెక్కినన్ని రోజులూ ఆ మునినీ ఆ తల్లులనూ తలుచుకున్నాను కానీ, ఆయన చెప్పిన ఒక్క మాట బుర్రకెక్కలేదు. ఏదో ఒకటి చేయాలి కదా అని టీ పట్టుకుని బయటికొచ్చాను. ఆయన బిళ్ళలన్నీ బల్ల మీద పరిచి, ఒకదాన్ని కిటికీ వెలుగులో పెట్టి, జేబులో భూతద్దం తీసి చూస్తున్నారు.

"చెక్కడం మాత్రం అమోఘంగా ఉందండీ. ఈ వజ్రాల కొనలు ఇంత సన్నగా ఎలా తీశారు?" అని మా ఆయన్నడిగారు.

మా ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా "అదీ... అలవాటేనండీ..." అన్నారు. సుబేదారుగారు ఆయన చేతులకేసి చూశారు. పూత పని చేసే చేతులు, నున్నగా ఉంటాయి. తరువాత టీ గ్లాసు పట్టుకున్న నా చేతిని చూశారు. అరచేతిలో ఉలి పట్టి కాచిన కాయ, బొటనవేలికి మానీ మానని గాటు. ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి సర్దేసేదాన్నేమో. అడగకపోవడంతోనే అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెక్కింది నేనండీ" అన్నాను. "ఇదే కాదు, తొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో అచ్చులన్నీ నేనే చెక్కాను. ఈ తప్పులో నాకూ వాటా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ వజ్రాలు మాత్రం నావి."

లోపల అత్తయ్య చేతిలో గరిట కిందపడిన చప్పుడు వినిపించింది.

సుబేదారుగారు మీసం దువ్వుకుంటూ నవ్వారు. "అమ్మా, అసలు ఈ పతకం బొమ్మ గీసిందెవరో తెలుసా? ఒక కోడలు. ఎక్కడో స్విట్జర్లాండు నుంచి వచ్చి, మన సైన్యంలో ఆఫీసర్ని చేసుకుంది. మన పురాణాలు మనకంటే బాగా చదివింది. వజ్రాయుధం పెడదామన్న ఆలోచన ఆవిడదే. ఆవిడ గీసింది, ఇప్పుడు మీరు చెక్కారు. సరిపోయింది."

టీ ఇంకా నా చేతిలోనే ఉందని అప్పుడు గుర్తొచ్చి ఆయనకందించాను.

"నాకు మళ్ళీ ఇరవై ఒకటి కావాలి, కంచువి. అయితే చెక్కినవారి పేరు గోడ మీద రాయిస్తాను. అది ఒప్పుకుంటేనే చేయండి" అన్నారాయన.

"పేరెందుకులెండి బాబూ" అంటూ అత్తయ్య గుమ్మంలోకి వచ్చేశారు. "ఊరంతా తెలిస్తే రేపు మాకు పనెవరిస్తారు?"

నేను మా ఆయన మొహంలోకి చూశాను. ఆయన వద్దంటే ఇక జన్మలో ఆ పీట మీద కూర్చోకూడదని ఆ నిమిషంలోనే నిర్ణయించుకున్నాను. ఆయన బల్ల మీద బిళ్ళలన్నీ ఒక్కొక్కటే తీసి పెట్టెలో వేశారు. మూత పెట్టారు.

"రాయండి సుబేదారుగారూ" అన్నారు. "నాన్న ఉంటే ఎప్పుడో రాయించేవారు."

అప్పటికి ఆరు రోజులే గడువు. మా ఆయన విజయవాడ వెళ్ళి కంచు రేకు తెచ్చారు. రాగి మెత్తనిది, చెప్పినట్టు వింటుంది. కంచు మొండిది, అచ్చం నాలాగే. మొదటి నాలుగు బిళ్ళలు అంచుల దగ్గర చిట్లిపోయాయి. రేకును ఎర్రగా కాల్చి, చల్లార్చి, కొట్టి, మళ్ళీ కాల్చి కొట్టాలని తెలుసుకునేసరికి రెండు రోజులు పోయాయి. ఆయన కాల్చడం, నేను అచ్చులో కూర్చోబెట్టడం, ఇద్దరం కలిసి రేకును నొక్కే ప్రెస్సు తిప్పడం. ఒకరినొకరు తిట్టుకున్న తిట్లకు లెక్క లేదు. ఇరవై ఒకటో బిళ్ళ దిగాక పూత తొట్టి వైపు ఆయన చెయ్యి అలవాటుగా కదిలింది. చేతి మీద ఒక్కటి వేశాను. ఇద్దరం పడీపడీ నవ్వాం.

జనవరి ఇరవయ్యారున ముగ్గురం అవనిగడ్డ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆ బడికి వెళ్ళాం. జెండా ఎగిరింది, పిల్లలు పాడారు. తరువాత సుబేదారుగారు గోడకు కట్టిన గుడ్డ లాగారు. ఇరవై ఒక్క మొహాలు. కొన్ని మొహాలకు మీసం కూడా సరిగ్గా రాలేదు. ఒక్కొక్కరి కింద ఊదా రిబ్బను, దాని కింద నా కంచు. ఒక్కటీ మెరవడం లేదు. అలా ఉండబట్టే చూపు నేరుగా ఆ మొహాల మీదకు పోయింది. ఆ బంగారు బిళ్ళలే పెట్టి ఉంటే ఎంత పాపం చేసేవాళ్ళమో అప్పుడు తెలిసింది నాకు.

గోడ చివర చిన్న పలక. బొమ్మ గీసినవారు అని ఆ విదేశీ కోడలి పేరు. దాని కింద, అచ్చు చెక్కినవారు అని నా పేరు, ఊరు బందరు. అత్తయ్య కళ్ళజోడు సరిచేసుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివారు. చదివి మళ్ళీ మొదటికొచ్చారు. పక్కనున్న ఎవరో టీచరమ్మతో "మా కోడలండీ" అన్నారు. ఆ టీచరమ్మ ఏమీ అడగలేదు పాపం. ఇంకో ఇద్దరితో కూడా అన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. సుబేదారుగారు వచ్చి మా ముగ్గురికీ సెల్యూట్ కొట్టారు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. నా విషయంలో అది తలకిందులైంది. రచ్చ ముందు గెలిచేశాను, ఇంట్లో సంగతే ఇంకా తేలలేదు.

అది తర్వాతి వారం తేలింది. పీట మీద కూర్చుని మామిడి పిందెల అచ్చు చెక్కుతున్నాను. గుమ్మం దగ్గర మా పెద్ద షాపాయన గొంతు వినిపించింది, "ఉన్నారా అండీ?" అని. ఆ గోడ సంగతి ఆయన దాకా వచ్చిందని అప్పటికే విన్నాం. ఎన్నేళ్ళ అలవాటో, ఉలి కింద పెట్టి సగం లేచాను.

"ఎక్కడికే లేస్తున్నావ్?" అన్నారు అత్తయ్య వంటింట్లోంచి. "కూర్చో."

కూర్చున్నాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ నన్ను దాటుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళారు.

"లోపలికి రండి బాబూ" అన్నారు. "చెక్కే ఆవిడ పనిలో ఉంది, ఆవిడతోనే మాట్లాడుకోండి."