దమ్ము చక్రాల దారిలో కంటి ఆసుపత్రికి

ఆగస్టు రెండో మంగళవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు ఖమ్మంలో బయల్దేరాం. ముందురోజు సాయంత్రం మా చెల్లె సుగుణ ఫోన్ చేసి, ఎడమ కంట్లో ఒక పక్క నుంచి నల్లటి పరదా దిగుతోందని చెప్పింది. ఖమ్మం కంటి ఆసుపత్రిలో అడిగితే, పరదా కంటి నడిమికి రాకముందే ఆపరేషన్ చేయాలి, రేపు పన్నెండింటిలోగా తీసుకురండి అన్నారు. ఆ ఆపరేషన్ చేసే డాక్టరు వారానికి ఒక్కరోజు వచ్చి, ఒంటిగంటకు హైదరాబాద్ వెళ్లిపోతాడు. సుగుణ ఉండేది టేకులపల్లి దాటాక అడవిలోకి ఏడు కిలోమీటర్లు. ఆ ఊరికి మొదటి బస్సు పదకొండింటికి.

బండి మా తమ్ముడి కొడుకు సురేష్‌ది, బడిపిల్లలను తిప్పే పాత వ్యాన్. దాని ఇంజను తిప్పేది వెనక చక్రాలను. వెనక బరువు లేకపోతే అలాంటి బండికి బురదలో పట్టు ఉండదు. మోకాళ్లు మొరాయించేదాకా ముప్ఫై ఏళ్లు అంబాసిడర్ నడిపాను కాబట్టి, రెండు ఇసుక బస్తాలు వెయ్యమన్నాను.

"ఇసుకెందుకు పెద్దత్తా, మైలేజీ పోతది" అని వెయ్యలేదు. వెనక టైర్లు చూస్తే నున్నగా అరిగిపోయి ఉన్నాయి. మంచివి ముందు వేసుకున్నాడు.

"అరిగినవి ఎనకేసినవేందిరా?"

"ముందలివే గద అందరికి కనవడేది."

కారేపల్లిలో ఆరున్నరకు టీ తాగాం. టేకులపల్లి దాటేసరికి తుంపర మొదలైంది. అడవి రోడ్డు తడిగా ఉన్నా శుభ్రంగానే ఉంది. ఎనిమిదిన్నరకు చేరేసరికి సుగుణ, చర్చికి వెళ్లేటప్పుడు కట్టే తెల్లచీరలో వాకిట్లో కూర్చుని ఉంది. పక్కింటివాళ్లు రెండు బియ్యం బస్తాలు వ్యాన్ వెనక వేశారు. బియ్యానికి కాదు, ఆ బరువుకు సంతోషించాను.

తిరుగుదారిలో రెండో కిలోమీటరుకే రోడ్డు మారిపోయింది. మేము వచ్చిన కాసేపటికే నాట్లకు మడి దున్నే ట్రాక్టర్లు, బురదలో దున్నడానికి టైర్లు తీసి వేసే ఇనుప దమ్ము చక్రాలతోనే, ఒక చేను నుంచి ఇంకో చేనుకు తారు మీద తిరిగాయి. జానెడు మందాన మట్టి, దాని మీద తుంపర. చలిదేశాల వాళ్లకు రోడ్డు మీద గడ్డకట్టిన మంచు ఆకాశం నుంచి వస్తుంది. మేము మాత్రం చేతులారా తయారు చేసుకుంటాం.

మలుపులో బండి తోక కుడికి జారింది. సురేష్ బ్రేకు తొక్కాడు.

"బ్రేకిడువు. తోక ఎటు పోతే స్టీరింగు అటే తిప్పు" అన్నాను. తిప్పాడు, బండి సర్దుకుంది. ఆ తర్వాతి ఎత్తులో సగంలో ఆగిపోయింది. ఫస్ట్ గేరులో రేసు పెంచితే చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. సెకండ్ వేసి కాలు మెత్తగా పెట్టమంటే నాలుగడుగులు ఎక్కింది కూడా. అంతలో చేలోంచి జనం వచ్చారు.

మా వైపు బండి దిగబడితే సాయం అంటే ఒకటే, మనుషులను దించడం, మూటలు దించడం. పొరుగు చేను ట్రాక్టరాయన తలుపు తీసి, "అందరు దిగుండ్రి, బరువు తగ్గితే అదే ఎక్కుతది" అన్నాడు.

"దింపకుండ్రి. ఇంకో నలుగురు ఎనక ఎక్కి కూసోండ్రి, అప్పుడు చక్రం పడ్తది" అన్నాను.

నాట్లేసే ఆమె నడుముకు చేయి పెట్టుకుని, "ఇరుక్కున్న బండెక్కి ఊరేగుదమంటదేందే ముసలమ్మ" అన్నది. అందరూ నవ్వారు. సురేష్ కూడా నవ్వాడు, వాణ్ణి ఇంకా క్షమించలేదు. చెల్లెను దించారు, బియ్యం దించారు. తేలికైన వెనక చక్రాలు గిర్రున తిరిగి, బండి వెనక్కి, పక్కకు జారి, దించిన బస్తాల్లో ఒకదాన్ని తోసుకుంటూ కాలవలో పడింది.

ఫోన్‌కు సిగ్నల్ లేదు. కంటికి కుదుపు తగలొద్దన్నారు కాబట్టి బైకు మీద ఎక్కించలేం. ట్రాక్టరుతో లాగమంటే ఆయన, "ఇనుప చక్రాలతోని తారు మీద లాగితే జారుతదమ్మా. ఇంటికి వోయి టైర్లేసుకొస్త" అన్నాడు.

"పొద్దుగాల నుంచి గదే తారు మీద తిరిగినవ్ గద?"

"వానకాలం గదమ్మా. మట్టి ఉండదా?"

పదకొండూ నలభైకి బండి బయటికి వచ్చింది. ఖమ్మం చేరేసరికి రెండు. డాక్టరు వెళ్లిపోయాడు. సాయంత్రం రైలుకు హైదరాబాద్ పోయాం. తెల్లారి ఆసుపత్రి బెంచీ మీద సుగుణ నన్ను చూస్తూ, "అక్కా, కుడి కన్ను మూస్తే నీ మొహంల నడుమ ఏం లేదు" అన్నది. గురువారం ఆపరేషన్ చేశారు. ఆలస్యమైందని వాళ్లే చెప్పారు.

పన్నెండు రోజుల తర్వాత బస్సులో ఆమెను ఇంటికి తీసుకొచ్చాను. ఆ ఎత్తు దగ్గర అదే మట్టి. ట్రాక్టరాయన అవే చక్రాలతో బస్సుకు దారిచ్చి పక్కకు ఆగి, కిటికీలో మమ్మల్ని చూసి, "కన్ను మంచిగైందా అమ్మా?" అని అడిగాడు. నేను మొహం తిప్పుకున్నాను. "ఒకటున్నది గద అన్నా" అన్నది సుగుణ, మంచిమాట చెప్పినట్టే.

నాట్ల కాలంలో ఈ దారిన వచ్చేవాళ్లు మంచి టైర్లు వెనక వేసుకోండి. వెనక బరువు పెట్టండి. దించడానికి ఎవరు వచ్చినా తలుపు తీయకండి.

పోయినవి: వ్యాన్ వెనక లైటు ఒకటి. సుగుణ చెప్పు ఒకటి. కాలవలో తడిసిన బియ్యం ఒక బస్తా. సుగుణ ఎడమ కంటిచూపు.