నర్సింహ ల్యాప్‌టాప్‌కు పెట్టిన తెల్ల పేస్టు

1999 ఎండాకాలం. నల్లగొండలో బస్టాండు వెనక సందులో నా దుకాణం. టీవీలు, టేపురికార్డర్లు, స్టెబిలైజర్లు బాగుచేసేవాణ్ణి. కంప్యూటర్లు అప్పుడప్పుడే మా ఊరికి వస్తున్నాయి. వాటినీ విప్పడం మొదలుపెట్టాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి. అంత పొగరుండేది నాకు.

ఒకరోజు మునుగోడు వైపు పల్లె నుంచి పద్మ అనే ఆమె తువ్వాలలో చుట్టిన ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. దుబాయి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన తన పాతది ఇచ్చిపోయాడట. ఆమె భర్త నర్సింహ దాని మీద పెళ్లిపత్రికలు, పరీక్ష పేపర్లు తెలుగులో టైపు చేస్తాడు. ఫ్లాపీల్లోకి ఎక్కించి ఇస్తే ఈమె టౌనులో ప్రెస్సుకు చేరుస్తుంది. వాళ్ల బతుకుదెరువు అదే.

"అర్ధగంట నడుస్తది, టప్పున బందయితదన్నా. కొట్టిందంత పోతది. పదో తరగతి గైడు కొడుతుండు. గీ నెలల ఇయ్యకుంటే ఇంకొకలకు ఇస్తనన్నడు ప్రెస్సాయన," అంది.

"టేబుల్ మీద పెట్టుకుంటడా, మంచం మీదనా?"

"టేబుల్ కాడ ఎట్ల కూసుంటడన్నా? మా నీళ్ల సంగతి తెల్వదా నీకు?"

తెలుసు. ఆ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు. ముప్పై అయిదేళ్లకే నర్సింహ వెన్ను కట్టెలా బిగుసుకుపోయిందని చెప్పింది. మెడ తిరగదు, నడుము వంగదు. గోడకు దిండ్లు ఆనించుకుని, కాళ్లు చాపుకుని, తొడల మీద మిషను పెట్టుకుని కొడతాడు. చేతివేళ్లు మాత్రం ఇంకా ఆడుతున్నాయి. పెద్ద కంప్యూటరు ముందు అతను కూర్చోలేడు.

విప్పి చూశాను. ప్రాసెసర్ అంటే లోపల లెక్కలన్నీ చేసే చిప్పు. పని చేసేకొద్దీ కాలిపోతుంది. దానికి ఆనించి హీట్ సింక్ అనే లోహపు పలక ఉంటుంది. వేడిని గుంజుకుని బయటికి పంపడం దాని పని. రెండూ నున్నగా కనిపిస్తాయి గానీ, మధ్యలో కంటికి ఆనని సందులుంటాయి. అక్కడ గాలి నిలిస్తే వేడి దాటదు. ఆ సందులు నింపేదే థర్మల్ పేస్టు. మా లైనులో వైట్ పేస్టు అంటాం. ఇందులో అది ఎండి పెచ్చులు రాలుతోంది. స్పిరిట్‌తో తుడిచి, పెసరగింజంత కొత్తది పెట్టి, పలచగా పరిచి బిగించాను. గోడకు సున్నం మెత్తినట్టు మెత్తేవాళ్లను చూస్తే నాకు తిక్కరేగుతుంది.

పొద్దంతా నడిపాను. ఒక్కసారి కూడా ఆగలేదు. కీబోర్డు మీద అరచెయ్యి ఆనించి చూశాను, చల్లగానే ఉంది. నాకు నేనే శెభాష్ అనుకున్నాను.

మర్నాడు బస్సెక్కి నేనే తీసుకెళ్లాను. నర్సింహను చూడాలనిపించింది. మంచి మాటకారి. నన్ను చూడగానే, "వచ్చిండమ్మా డాక్టరు! నా నడుము గూడ జర విప్పి చూడు భాయ్, దాంట్ల గూడ పేస్టు అయిపోయినట్టుంది," అని నవ్వాడు. మిషను ఒళ్లో పెట్టుకుని గంటసేపు కొట్టాడు. ఆగలేదు.

"తొడల మీద సుర్రు పెడుతుందా నర్సింహా?" అని అడిగాను.

"ఏం లేదు భాయ్. సల్లగుంది."

ఆ మోడల్లో హీట్ సింక్ తన వేడినంతా మిషను అడుగు పలకకు పంపుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. అడుగున చెయ్యి పెట్టి చూడాల్సింది. కానీ మిషను అతని తొడల మీద ఉంది, పక్కన భార్య ఉంది, పరాయి మనిషి ఒంటి మీద చెయ్యెందుకు పెట్టాలని మొహమాటపడ్డాను. సల్లగుందన్నాడు కదా అనుకున్నాను. పద్మ పెట్టిన జొన్నరొట్టె తిని సంతోషంగా ఇంటికొచ్చాను.

మూడు వారాలకు తెలిసింది, నర్సింహ నల్లగొండ దవాఖానలో ఉన్నాడని. పరుగెత్తాను. రెండు తొడలూ మాంసం దాకా కాలి చీము పట్టాయి. వాసన వస్తే పద్మ పంచె ఎత్తి చూసిందట. అతని కాళ్లలో స్పర్శ పోయి అప్పటికే చాలా నెలలైంది. వెన్నులో ఎముక పెరిగి నరాలు నలిగిపోయాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, బరువుగా ఉన్నాయని మాత్రం అనేవాడు.

నాకు దుఃఖం, కోపం రెండూ వచ్చాయి. "నేనడిగితే సల్లగుందంటివి గదరా!" అని గట్టిగానే అన్నాను.

"నాకు సల్లగనే ఉండె భాయ్," అన్నాడు.

"పొక్కులు లేసినంకనన్న సూడలేదా?"

"సూసిన. ఇంక నలభై పేజీలుండె. చెప్తే నువ్వు మిషను గుంజుకపోతవ్, పద్మ ఏడుస్తది. కాళ్లు గూడ పోయినయని దానికి ఏ ముఖంతోని చెప్పాలె?"

ముందు చిప్పు కాలగానే మిషను తనంతట తాను ఆగిపోయేది. ఆ ఆగడమే అతని కాళ్లను కాపాడింది. నేను ఆ అడ్డం తీసేశాను. అర్ధగంట నడిచేది పొద్దంతా నడిచింది, వేడి ఏమాత్రం ఆగకుండా కిందికి దిగింది. పుండ్లు మానలేదు. వానలు మొదలైన వారానికి నర్సింహ పోయాడు.

దినాలు అయ్యాక పద్మ దుకాణానికి వచ్చింది. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, "ఎవరన్న కొంటే అమ్మిపెట్టన్నా," అంది. వెళ్లబోతూ గడప దగ్గర నిలబడింది.

"వేడి తగ్గించిన అంటివి గదన్నా. మరి గా వేడంత యాడికి పోయింది?"

ఆమె నిజంగా తెలియకే అడిగింది. ఏదో ఒకటి చెప్పి పంపొచ్చు. అబద్ధానికి నోరు రాలేదు. "కిందికి పంపిన చెల్లె. ఆయన కాళ్ల మీదికి. కింద చెయ్యి పెట్టి సూడలేదు, తప్పు నాది," అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "గీ మాట నువ్వు చెప్తున్నవ్. కాళ్లు సచ్చినయని గాయిన నాకు ఒక్కనాడు చెప్తే, కింద పీటన్న ఏస్తుంటి గదన్నా," అని అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఈ పనే చేశాను. పేస్టు పెట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. తీసిన వేడి ఎవరి మీద పడుతుందో చూడటం మాత్రం నేను ఒక మనిషిని పోగొట్టుకుని నేర్చుకున్నాను.