సున్నం గోడకు సిమెంటు: ఓ ఇంగ్లిష్ పల్లెలో నా శనివారం

ఊరి పాత హాలు తూర్పు గోడలో ఇటుకల మధ్య ఉన్న సున్నాన్ని చెక్కేసి సిమెంటు కూరారు. దీన్ని మరమ్మతు అంటే నేను ఒప్పుకోను. నేను కెనడాలో, టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో ఇటుక పని చేస్తాను. సున్నం పని నాకెవరూ నేర్పలేదు, పాత గోడలు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కుటుంబాలు కట్టుకున్న ఈ పల్లెకు వెళ్ళిందీ గోడల కోసమే.

శనివారం తొమ్మిదింటికి, మా చర్చిలో పాటలు పాడే ప్రసాద్ అంకుల్ కారులో బయల్దేరాం. 401 హైవే మీద తూర్పుగా వెళ్ళి, పోర్ట్ హోప్ దగ్గర దిగి ఉత్తరానికి తిరిగితే మొత్తం గంటంబావు. పెట్రోలు రానూపోనూ ముప్ఫై డాలర్లు. ఊరంటే పదిహేను ఇళ్ళు, ఒక చర్చి, ఒక హాలు, చుట్టూ ఆపిల్ తోటలు. ఇంత ముచ్చటైన చోటికి ఇన్నాళ్ళూ రానందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

హాలు తాళాలు హెలెన్ ఆంటీ దగ్గరుంటాయి. ఎనభై దాటినా నిచ్చెన ఎక్కుతారు. హాలు వెనక సున్నం నానబెట్టిన గొయ్యి చూపించారు. ఏటా వేసవిలో ఒకరోజు ఊరంతా చేరి గోడ సందులు నింపేవాళ్ళట.

"నా పెళ్ళి అక్కడే కుదిరింది. మా ఆయన పని చెత్తగా చేసేవాడు, కబుర్లు మాత్రం బాగా చెప్పేవాడు," అని నవ్వారు. తర్వాత తూర్పు గోడ మీద గర్వంగా తట్టారు. "చూడు, ఎంత గట్టిగా ఉందో!"

"సిమెంటు గట్టిగానే ఉంటుంది ఆంటీ. ఇటుకే ఉండదు."

"ఒరేయ్ కిరణ్, మెల్లగా మాట్లాడు. ఆవిడ ఇంకా టీ ఇవ్వలేదు," అన్నారు అంకుల్ తెలుగులో.

నేల మీద రాలిన ఇటుక పెచ్చులు ఏరి ఆవిడ చేతిలో పెట్టాను. సున్నం తేమను బయటికి పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. ఆ తేమ మెత్తటి పాత ఇటుకలో చేరి, చలికాలం గడ్డకట్టి, దాన్ని పగలగొడుతుంది. ఇదంతా చెప్పేసరికి ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"మిగతా మూడు గోడలూ వచ్చే నెల చేస్తారట. హాలు కమిటీ కాగితం మీద నేనే సంతకం పెట్టాను."

"వెనక్కి తీసుకోండి."

"తీసుకుంటాను. నువ్వు కూడా కమిటీకి రాయి. మెత్తగా మాత్రం రాయకు."

తర్వాత టీ, వెన్నా చక్కెరా నింపి కాల్చిన బటర్ టార్ట్‌లు వచ్చాయి. మనిషికి ఆరు డాలర్లు హాలు డబ్బాలో వేయాలి. అంకుల్ మూడు టార్ట్‌లు తిని, నాలుగోది నాకోసమని పొట్లం కట్టించుకుని దారిలో అదీ తినేశారు.

ఉత్తరపు గోడలో, తాపీ అందని ఒక మూల, సున్నంలో ఎవరో బొటనవేలితో అదిమిన గుర్తు ఇంకా ఉంది. నేనూ అలాగే అదుముతాను. ఆ మనిషి పేరు ఏ బోర్డు మీదా లేదు, అయినా బాగా తెలిసినవాడిలా అనిపించాడు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: హాలు శనివారం పది నుంచి రెండు వరకే తెరుస్తారు. ఫోన్ సిగ్నల్ అందదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇక కమిటీవారికి, ఇదే ఇంగ్లిష్‌లో మీకు ఈమెయిల్ కూడా చేశాను. మిగతా మూడు గోడల పని ఆపండి. ఒక గజం గోడను సున్నంతో నేను ఉచితంగా చేసి చూపిస్తాను, చలికాలం పోయాక దాన్నీ తూర్పు గోడనూ పోల్చుకోండి. ఆపుతున్నారో లేదో వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా జవాబివ్వండి.