ఆదివారం మర్దన

నాకు తలనొప్పి వచ్చేముందు ఎడమ కంటి పక్కన వెలుగు గీతలు కదులుతాయి. సూది బెజ్జం కనబడదు. ఆ తర్వాత పూటంతా తలలో ఒక పక్కనే ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంటుంది. బరంపురంలో పెళ్లిళ్లకు జాకెట్లు కుట్టి బతికే మనిషికి రాకూడని జబ్బు ఇది. డాక్టరు మైగ్రేన్ అని చెప్పి మాత్రలు రాశాడు. మెషీను మీద వంగీ వంగీ మెడ బిగుసుకుపోయిందనీ, మర్దనతో కొందరికి కాస్త తెరిపి ఉంటుందనీ, మాత్రలు మాత్రం మానొద్దనీ అన్నాడు.

మా అత్త చెవికి అందులో మర్దన మాటొక్కటే ఎక్కింది. వెంటనే ఆర్యపల్లి నుంచి ఒకావిడను పిలిపించింది. ఆవిడ ఇదివరకు ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేసి, ఇప్పుడు ఇళ్లకు వెళ్లి మర్దన చేస్తోంది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని.

మొదటి ఆదివారం అక్క నన్ను పీట మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని కొబ్బరినూనెతో మెడ దగ్గర మొదలుపెట్టింది. అత్త పక్కనే నిలబడి, మా కోడలిది గట్టి బుర్ర, ఇంకా గట్టిగా నొక్కమని పురమాయిస్తోంది.

"బుర్ర కాదు పెద్దమ్మా, మెడ సూడు. తాడునాగ బిగిసిపోనాది," అంది అక్క.

నేను ఎప్పుడు నిద్రపోయానో నాకే తెలియదు. అదే కొంప ముంచింది. నా మొహంలోని సుఖం అందరూ చూసేశారు.

పై ఆదివారం అక్క వచ్చేసరికి అత్త జుట్టు విరబోసుకుని పీట మీద కూర్చుని ఉంది. తనకీ ఒక పక్కే నొప్పట. ఏ పక్క అని అడిగితే ముందు కుడి అంది, అక్క చెయ్యి అటు వెళ్లగానే ఎడమ అంది. కాసేపటికి గాఢనిద్ర. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే తల్లి అంతసేపు నోరు మెదపకపోయేసరికి మా ఆయన కంగారుపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి ఆడుతోందని తేలాక, ఆటో హారన్ల వల్ల తనకూ తల పోటుగా ఉందని చెప్పి వరసలో కూర్చున్నాడు.

ఆ పైవారం పక్కింటి ఒడియా ఆవిడ "ముండొ బింధుచి" అంటూ వచ్చింది. తల నొప్పెడుతోందని దాని అర్థం. మా అత్త ఇచ్ఛాపురం అవతల, ఆంధ్రా వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఇదే మాట విని, తిట్టనుకుని, ఒకావిడతో చాలాకాలం మాట్లాడలేదట. ఇప్పుడు మాత్రం తనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. నా వంతు వచ్చేసరికి అక్క చేతుల్లో సత్తువ లేదు, గిన్నెలో నూనె లేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం నాకు నిజంగానే నొప్పి మొదలైంది. మాత్ర వేసుకుని, కళ్లు మూసుకుని అక్క కోసం ఎదురుచూశాను. ఎండలో బస్సు దిగి వచ్చిన అక్క గుమ్మంలోనే తల పట్టుకుని కూలబడింది.

"సెల్లీ, ఇయ్యాల నాకే తల పగిలిపోతంది," అంది.

ఏం చేస్తాను? నొప్పికి ఒక కన్ను మూసుకుని, అక్క వెనక కూర్చుని, నాకు ఎలా చేసిందో అలాగే నొక్కడం మొదలుపెట్టాను. ఎముక మీద కాదనీ, ఇంకాస్త కిందకనీ చెబుతూ చెబుతూ అక్క కళ్లు మూసింది. తలుపు దగ్గర తువ్వాళ్లు భుజాన వేసుకుని ముగ్గురూ మమ్మల్నే చూస్తున్నారు.

"కోడలా, దాని తరవాత నానే," అంది అత్త.

అక్క కళ్లు తెరిచింది. "పెద్దమ్మా, ఈ పిల్లది జబ్బు. మీది సరదా," అంది మెల్లగా.

పక్కింటావిడ తువ్వాలు మడుచుకుని వెళ్లిపోయింది. మా ఆయన కిటికీలు మూసి గది చీకటి చేశాడు. అత్త వచ్చి నా తల ఒళ్లో పెట్టుకుంది. ఎక్కడ నొక్కకూడదో సరిగ్గా అక్కడే నొక్కుతూ, తన పెళ్లిలో కూర చాలకపోయిన సంగతి మొదలుపెట్టింది. చాలు అని చెప్పడానికి నాకు మనసు రాలేదు. వియ్యాలవారు అలిగే ఘట్టం దగ్గర మాత్ర పనిచేసి నిద్రపట్టింది.

సాయంత్రానికల్లా, తన చేతి చలవ వల్లే కోడలి నొప్పి పోయిందని అత్త వీధంతా చెప్పేసింది.

అప్పటినుంచి ఆదివారం మొదటి వంతు నాదే. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఇదివరకటంత తరచుగా రావడం లేదు. మర్దన వల్లో, మాత్రల వల్లో, మధ్యమధ్యలో మెషీను ఆపి మెడ తిప్పుకోవడం వల్లో చెప్పలేను.

వీధిలో ఎవరికి తల నొప్పెట్టినా ఇప్పుడు అత్త తనే పిలిచి నొక్కుతుంది, పెళ్లి కథ మొదట్నుంచీ చెబుతుంది. ఒకసారి నొక్కించుకున్నవాళ్లను మళ్లీ ఎప్పుడు అడిగినా, నొప్పి పూర్తిగా తగ్గిపోయిందనే అంటున్నారు.