ఎడమ చేతి పని

నాకు రాదు అనే మాట మా ఇంటా వంటా లేదు. పుట్టింట్లో అందరూ భజన చేసేవాళ్లే. చిన్నప్పటి నుంచీ హార్మోనియం నా ముందే ఉండేది. సత్తెనపల్లిలో లెక్కల టీచరునయ్యాక కూడా శనివారం భజనకు నేను లేకపోతే పాట ఎత్తుకునేవారు కాదు. అందుకే నలభై ఏడో ఏట పియానో మొదలుపెట్టినప్పుడు, ఏడాదిలో తేల్చేస్తానని మా వారికి గొప్పగా చెప్పాను.

పియానో మీద మోజేమీ లేదు. నాకు కావలసింది పైప్ ఆర్గాన్, నిలువెత్తు గొట్టాల్లోంచి గాలితో మోగే వాద్యం. మా స్కూల్లో తోటి టీచరు వాళ్ల అమ్మాయి పెళ్లికి గుంటూరులో ఒక పాత చర్చికి వెళ్లినప్పుడు మొదటిసారి విన్నాను. గోడలు, నేను కూర్చున్న బల్ల, నా పక్కటెముకలు అన్నీ ఒకేసారి మోగాయి. పెళ్లికూతురి చీర రంగేమిటో ఇప్పటికీ చెప్పలేను. భోజనాలకు వెళ్లకుండా తిన్నగా ఆ వాయించే ఆవిడ దగ్గరికెళ్లి నాకు నేర్పమన్నాను. ఆవిడ తలంతా తెల్లబడిన పెద్దావిడ. ముందు పియానో నేర్చుకోమని, రెండు చేతులూ కుదిరాక దీని ముందు కూర్చోబెడతానని చెప్పారు. భజనల మనిషికి చర్చిలో ఏం పని అని మా వీధిలో ఒకరిద్దరు అడిగారు. గాలితో మోగేది ఏదైనా నాకు చుట్టమే అన్నాను.

ఆ పెద్దావిడే నా టీచరు గారు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లింట్లో క్లాసు. నా కుడి చేయి మొదటి రోజే పరుగెత్తింది. ఎడమ చేయి మాత్రం ఆ నల్లా తెల్లా మెట్ల మీద పెట్టిన మరుక్షణం లేచి, పియానో వెనక్కి వెళ్లి గాల్లో ఊగడం మొదలుపెట్టింది. టీచరు గారు లేచి వెనకేముందో చూసి వచ్చారు.

"దీనికి గాలి అక్కర్లేదమ్మా" అన్నారు.

హార్మోనియం దగ్గర ఎడమ చేతి పని వెనకున్న గాలి తిత్తి ఆడించడమే. ఇన్నేళ్లూ నా కుడి చేయి కచేరీ చేస్తుంటే ఎడమది చాకిరీ చేసింది. ఎక్కాలు రాని పిల్లలనే ఏనాడూ వదల్లేదు, నా చేతిని నేను వదులుతానా! ఇంట్లోకి చిన్న కీబోర్డు కొని, ఎడమ చేతితోనే సాధన చేశాను. మా కళ్లంలో మిరపకాయల తొడిమలు కూడా ఎడమ చేత్తోనే తీస్తుంటే కూలీలు నవ్వారు. మా వారు మిరప తోటకు మందు కొట్టొచ్చి, వీపు మీద పంపు దించుకుంటూ, గాల్లోకి లేచిన నా చేతిని చూసి, ఉయ్యాల్లో ఎవరున్నారని అడిగేవారు.

ఏడాదన్నది రెండేళ్లయింది. ఒకరోజు టీచరు గారు ఫోన్ చేశారు. ఆర్గాన్ పైపులు విప్పి రిపేరుకు పంపుతున్నారట. పనివాళ్లు సోమవారం పొద్దున్నే వస్తారు, మళ్లీ ఎప్పటికి బిగిస్తారో ఎవరికీ తెలియదు. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తే ఒక కీర్తన వాయించవచ్చు అన్నారు.

మా వారు బండి మీద తీసుకెళ్లి, చర్చిలో చివరి బల్ల మీద కూర్చున్నారు. నేను ఆర్గాన్ ముందు కూర్చున్నాను. కింద కాళ్లతో వాయించే మెట్లు కూడా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దన్నారు టీచరు గారు. రెండు చేతులూ ఆనించాను. కీర్తన మొదటి వరస సగంలో ఉండగా కరెంటు పోయింది. గాలి ఎక్కించే మోటారుతో పాటు స్వరమూ మూలిగి ఆగిపోయింది. బయట కనుక్కుంటే లైను పని, రాత్రి దాకా రాదన్నారు.

నాకు ఏడుపొచ్చింది. అంతకు మించి కోపమొచ్చింది. టీచరు గారు నన్ను వెనక్కి తీసుకెళ్లి ఒక పొడుగాటి కొయ్య పిడి చూపించారు. కరెంటు లేని రోజుల్లో దాన్ని కిందికీ పైకీ ఆడించి గాలి ఎక్కించేవారట. ఆవిడ భుజం ఇప్పుడు అంత ఎత్తు లేవదు. నా ఎడమ చేయి మాత్రం నన్నడక్కుండానే వెళ్లి ఆ పిడి పట్టుకుంది. నేను ఊపితే వాయించేదెవరు?

చివరి బల్ల మీద నుంచి మా వారు లేచి వచ్చారు. ఒకే తీరున ఊపాలని, గాలి తగ్గితే స్వరం కుంగిపోతుందని టీచరు గారు జాగ్రత్త చెప్పారు.

"మందు కొట్టే పంపూ అంతేనండి. ఎడం చేయి ఆగిందంటే ధార తగ్గిపోద్ది" అన్నారాయన. పిడి మీద నుంచి నా చేయి తీసేశారు. "ఊపే పని నాది. నీ చేయి నువ్వు వాడుకో."

వెళ్లి కూర్చున్నాను. గాలి నిండిన చప్పుడు వినిపించింది. మొదటి వరసలో ఒకచోట, మూడో వరసలో ఇంకోచోట తప్పాను. అయినా ఆగలేదు. ఎడమ చేయి నొక్కినప్పుడల్లా లావు గొంతు పైపులు పలికి కూర్చున్న బల్ల అదిరింది. నా ఎడమ చేతి పాట అలా వినడం నాకదే మొదటిసారి.

కీర్తన అయిపోయింది. ఎడమ చేయి మెట్ల మీదే ఉంది.

అయిందా అని వెనక నుంచి మా వారు అడిగారు. రొప్పుతున్నారు, ఊపడం మాత్రం ఆపలేదు.

కాలేదన్నాను. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.